యాదమ్మకు నేను ఎంచిన టీవీ

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ఏ టీవీ మంచిది? నలభై రెండేళ్లు పాతబస్తీలో టీవీల వీపులు విప్పినవాణ్ణి కదా, ఒక్క ముక్కలో చెప్పేస్తాననుకుంటారు. ఒక్క ముక్కలో చెప్పేవాళ్లు షోరూముల్లో ఉన్నారు, అక్కడికి వెళ్లండి. నేను చెప్పేది కొంచెం పొడుగు. అందులో నాకు తెలిసిన సంగతులు కొన్ని, నేను చేసిన తప్పు ఒకటి ఉన్నాయి. ఆ తప్పు వల్ల టీవీకి గీత కూడా పడలేదు. ఎనభై ఏళ్ల ఆడమనిషి ఒకామెకు మాత్రం తన ఇంట్లో తన మాట చెల్లకుండా పోయింది.

నేను ఏడో తరగతి దాటలేదు. ఇంగ్లీషు సర్క్యూటు బొమ్మల్ని పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. ఒక్కో మాటకు అరగంట పట్టేది. ఇవాళ కంపెనీ చొక్కా వేసుకుని వచ్చే సర్టిఫికెట్ల మనిషి టీవీ ముందు ఐదు నిమిషాలు నిలబడి, "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి పోతాడు. వెనక దీపాల పట్టీ ఒక్కటి మారిస్తే లేచి కూర్చునే టీవీని చెత్తబండి ఎక్కిస్తాడు. అది చూసినప్పుడల్లా నా కడుపు మండుతుంది. అయితే ఆ చొక్కావాడి కంటే నేను గొప్పవాణ్ణని రాయడానికి నాకిప్పుడు చెయ్యి రాదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఉస్తాద్ పద్ధతి

నాకు పని నేర్పింది ఖలీల్ సాబ్. చార్మినార్ వెనక గల్లీలో, గాజుల దుకాణాల మధ్య ఇరుక్కున్న రేడియో దుకాణం ఆయనది. కోపిష్టి మనిషి. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, మూడు రోజులు మాట్లాడేవాడు కాదు. అంతకంటే తిట్లే నయం.

ఒక ఇంట్లో టీవీ రోజూ మధ్యాహ్నం వణుకుతోందని పిలిచారు. నేను మూడుసార్లు వెళ్లి మూడుసార్లు విప్పాను. ఏమీ దొరకలేదు. నాలుగోసారి ఆయనే వచ్చాడు. సంచీ తెరవలేదు. ఆ ఇంటాయన రోజూ కూర్చునే చెక్క తక్తు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, చాయ్ తెప్పించుకుని, టీవీ చూస్తూ ఉండిపోయాడు. గంట తర్వాత పక్క గోడ అవతల పిండి గిర్నీ మోటారు మొదలైంది. బొమ్మ వణికింది.

"టీవీ కో నక్కో దేఖో మియా. దేఖ్నేవాలే కో దేఖో," అన్నాడు బయటికి వచ్చాక. టీవీని కాదు, చూసే మనిషిని చూడమని. ఆ మనిషి కూర్చునే చోట కూర్చోకుండా టీవీ మీద చెయ్యి వెయ్యకూడదని ఆయన పద్ధతి. ముప్పై ఏళ్లకు పైగా నేను ఆ పద్ధతి తప్పలేదు. తప్పింది ఒక్కసారి.

ఏది ఏమిటి

అసలు టీవీల సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు కనుక కొంచెం ఓపిక పట్టండి.

పాత డబ్బా టీవీలో బొమ్మను ఒక కిరణం గీత తర్వాత గీతగా గీసేది. గీసిన మరుక్షణం అది ఆరిపోయేది. ఏరియల్ నుంచి ఏది వస్తే అది అప్పటికప్పుడే తెర మీద పడేది. మధ్యలో ఆలోచించే యంత్రం ఏదీ లేదు. బరువు అనండి, కరెంటు తింటుందనండి, ఒప్పుకుంటాను. కానీ పరిగెత్తే బంతి, కదిలే పెదవి అందులో కనిపించినంత తేటగా ఆ తర్వాత వచ్చిన వాటిలో నాకు కనిపించలేదు.

దాని తర్వాత ప్లాస్మా వచ్చింది. నలుపు బాగుండేది, వెనక చెయ్యి పెడితే రొట్టెల పెనంలా కాలేది. వచ్చినంత తొందరగా పోయింది. ఇక ఎల్‌సీడీ. వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందు సన్నటి తలుపులు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. తలుపు ఎంత మూసినా సందుల్లోంచి వెలుతురు కారుతుంది కాబట్టి నలుపు బూడిద రంగులో ఉంటుంది. ఎల్ఈడీ టీవీ అని అమ్మేది కూడా ఇదే. వెనక దీపం మారింది, పేరు మారింది. క్యూ అనే అక్షరం తగిలిస్తే రంగులు తేటగా చూపే ఒక పొర అదనం. పొర మంచిదే, కానీ అది వేరే జాతి టీవీ అని ఎవడైనా చెబితే నమ్మకండి.

ఓఎల్ఈడీ నిజంగా వేరే జాతి. అందులో చుక్క చుక్కకూ సొంత వెలుగు. ఆర్పితే పూర్తిగా నలుపు. సినిమా చూసేవాళ్లకు అంతకు మించింది లేదు. కానీ ఎక్కువ వెలిగిన చుక్క ముందు ముసలిదవుతుంది. పొద్దస్తమానం ఒకే వార్తల ఛానెల్ పెట్టే ఇంట్లో దాన్ని పెడితే మూల గుర్తు, కింది పట్టీ తెరకు పచ్చబొట్టులా అంటుకునే ప్రమాదం ఉంది.

మా పాతబస్తీ ఇళ్లకు ఇంకో సంగతి ఉంది. గదులు పొడుగ్గా, ఇరుకుగా ఉంటాయి. టీవీ చివరి గోడకు ఉంటుంది, మనుషులు రెండు పక్క గోడలకు ఆనుకుని కూర్చుంటారు. కొన్ని ప్యానెళ్లను పక్క నుంచి చూస్తే ముఖాలు పాలిపోతాయి. కొన్నింటిలో పోవు. షోరూంలో ఎదురుగా నిలబడి మురిసిపోకుండా పక్కకు జరిగి చూడండి. ఇంటికి తెచ్చాక వెలుతురు సగానికి తగ్గించండి, వెనక దీపాలు నాలుగు కాలాలు ఉంటాయి.

ఇవన్నీ నాకు బాగా తెలుసు. తెలుసన్న పొగరు కూడా ఉండేది.

షోరూం

పురానాపూల్ దగ్గర యాదమ్మ అనే పాల వ్యాపారం చేసే ఆమె ఉంది. భర్త చిన్న వయసులోనే పోతే, రెండు బర్రెలతో మొదలుపెట్టి పదకొండు చేసింది. ఇంటి వెనకే కొట్టం. ఎనభై ఏళ్లు వచ్చినా ఏ బర్రెకు ఏ దాణా పెట్టాలో, ఎవరింటికి పాలు పొయ్యాలో, ఎవరికి ఆపాలో ఆమె మాటే. ఒక్కడే కొడుకు మల్లేశ్. బర్రెలు అమ్మేసి కొట్టాన్ని గోదాముకు కిరాయికి ఇద్దామని వాడికి ఏనాటి నుంచో ఉంది. ఆమె ఒకటే చెప్పేది: "నేనున్నన్ని దినాలు కొట్టముంటది." అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

పొద్దుటి పాలు అయ్యాక ఆమె మధ్య గదిలో మంచం మీద కూర్చుని సాయంత్రం దాకా వార్తలు చూసేది. చదువు రాదు. ఎక్కడ వాన పడింది, గడ్డి ఎక్కడ పెరిగింది, ఏ బాట బంద్ అయింది, అన్నీ ఆమెకు కావాలి. ఆ డబ్బా టీవీని పంతొమ్మిదేళ్లు బతికించాను. సౌండ్ చాలడం లేదంటే కేబుల్ డబ్బా నుంచి నేరుగా రెండు తీగలు లాగి మంచం తలాపున స్పీకరు పెట్టింది కూడా నేనే. ఆఖరికి విడిభాగాలు దొరక్క ఆ టీవీ ఆగిపోయింది. కొత్తది ఎంచడానికి మల్లేశ్ నన్ను వెంట తీసుకుపోయాడు.

షోరూం కుర్రవాడు అన్నిటికంటే పెద్ద తెర ముందు నిలబెట్టాడు. "సార్, చిలక చూడండి. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు."

"మా యాదమ్మ చిలకలు చూడది బాబూ, వార్తలు చూస్తది. కేబుల్ పెట్టి చూపించు."

"కేబుల్ కనెక్షన్ లేదు సార్ ఇక్కడ."

"మరి గీ టీవీలల్ల ఏం వస్తదో నీకెట్ల తెలుసు?"

మల్లేశ్ నవ్వాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు తమ్మీ. పోయినసారి గీయన్ను ఫ్రిజ్ కొననీకి తోల్కపోతే లోపట కూసోని చూస్తనన్నడు."

గంటన్నర చూశాను. ఒక్కో టీవీకి పక్కగా నిలబడ్డాను. పొద్దంతా ఒకే ఛానెల్ కాబట్టి ఓఎల్ఈడీ వద్దన్నాను. పక్క నుంచి ముఖాలు పాలిపోని యాభై అయిదు అంగుళాల ఎల్ఈడీ ఎంచాను. కదిలే బొమ్మను నున్నగా చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఇవాళ మళ్లీ అడిగినా ఆ ఇంటికి ఆ టీవీయే చెబుతాను. లోపం టీవీలో లేదు.

బిగించిన రోజు

డబ్బా టీవీని దించాను. గోడకు కొత్తది బిగించాను. బొమ్మ కోసం కేబుల్ డబ్బా నుంచి కొత్త తీగ వేశాను. స్పీకరుకు పోయే పాత తీగలు రెండూ ఎక్కడివక్కడే ఉంచాను. పదేళ్ల కింద నేనే వేసినవి, బాగానే ఉన్నాయి, వాటితో పనేముంది అనుకున్నాను.

టీవీ పెట్టాను. వార్తల అమ్మాయి ముఖం తలుపంత వచ్చింది. యాదమ్మ చాలాసేపు చూసింది.

"బొమ్మ ఎట్లుందమ్మా?"

"బొమ్మ మంచిగనే ఉంది. గా పిల్ల మాట్లాడుతలేదు నర్సింగూ."

"మాట్లాడకపోవుడేంది? గంత లొల్లి వినబడుతుంటే."

"మాట ముందుగాల్ల వస్తుంది. నోరు తర్వాత కదుల్తుంది. ఇంకెవరో మాట్లాడుతున్నట్టుంది."

నేను నవ్వాను. మల్లేశ్ కూడా నవ్వాడు. "పెద్ద టీవీ కదమ్మా, కొత్తల గట్లనే అనిపిస్తది. నాలుగు దినాలైతే అలవాటైతది," అన్నాను. చేతులు తుడుచుకుంటూ టీవీ పక్కన నిలబడి ఆ మాట అన్నాను. మంచం నాలుగు అడుగుల దూరంలో ఉంది. వెళ్లి ఆమె పక్కన కూర్చోలేదు. ఇంకో ఇంట్లో పని ఉంది, నా టీవీ మీద నాకు నమ్మకం ఉంది.

ఏడు నెలలకు

ఏడు నెలల తర్వాత టీవీని ముందు గదిలోకి మార్చాలని మల్లేశ్ ఫోన్ చేశాడు. వెళ్లేసరికి కొట్టం కడిగి ఉంది. ఒక్క బర్రె లేదు. గుంజలు కూడా పీకేశారు.

"అమ్మకు మతి సక్కగ లేదన్నా," అన్నాడు మల్లేశ్. "టీవీల ఎవరో దొంగగొంతుతోని మాట్లాడుతుండ్రంటది. మొదట నవ్వినం. తర్వాత మేం పిలిచినా పలుకది. ఒకటడిగితే ఒకటి చెప్తది. డాక్టరు దగ్గరికి తీస్కపోయిన. ఆయన ఏమడిగినా గుడ్లప్పగించి చూసింది. వయసన్నడు, గోలీలిచ్చిండు. గవి ఏస్కున్నకాడికెల్లి పొద్దంత మబ్బుగనే ఉంటది."

"బర్లు?"

"ఎవర్ని అడగాలె చెప్పు. అడిగితే సమజైతే గద."

డ్రిల్లు మిషను పక్కింటివాళ్ల దగ్గర ఉందని తేవడానికి వెళ్లాడు. నేను మధ్య గదిలోకి పోయాను. యాదమ్మ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పిలిచాను, పలకలేదు. ఎదురుగా వెళ్లి పిలిస్తే, "ఎప్పుడొచ్చినవ్ నర్సింగూ," అంది. గొంతు మందంగా ఉంది కానీ నన్ను గుర్తుపట్టింది, పేరు చెప్పింది.

పనిలేక ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాను. టీవీ నడుస్తోంది. వార్తలు అయిపోయాయి. తలాపున నా స్పీకరులో "నమస్కారం" అని వినిపించింది. తెర మీద ఆ అమ్మాయి ఇంకా నోరు మూసుకునే ఉంది. చేతులు జోడించి పెదవులు కదిపింది ఆ తర్వాత.

ఎక్కువ కాదు, రెప్పపాటు. కానీ ఒకసారి కనిపించాక ఇక కనిపించకుండా పోలేదు. ప్రతి మాటా ముందు, ప్రతి పెదవీ వెనక.

వెంటనే ఇంకొకటి తోచింది. రుమాలుతో నా నోరు కప్పుకుని, "అన్నం తిన్నవా అమ్మా?" అని గట్టిగా అడిగాను. ఆమె నా కళ్లలోకి చూస్తూ ఊరుకుంది. రుమాలు తీశాను. ఈసారి గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రం కదిపి అదే అడిగాను.

"తిన్న," అంది. "చారుల ఉప్పు తక్కువైంది."

ఆమె చెవులు ఎన్నేళ్ల కింద పోయాయో ఎవరికీ తెలియదు. ఆమెకే తెలియదు. మనుషుల పెదవుల్ని చూసి, చెవిలో పడ్డ కాస్త చప్పుడును దానికి కలుపుకుని మాట అందుకుంటోంది. డబ్బా టీవీలో రెండూ ఒకేసారి వచ్చేవి కాబట్టి సాగిపోయింది. కొత్త టీవీ ప్రతి బొమ్మనూ తీసుకుని, నున్నగా చేసి, కొంచెం ఆలస్యంగా తెర మీద వేస్తుంది. తన సొంత స్పీకర్లకు సౌండ్‌ను కూడా అంతే ఆపి ఇస్తుంది. నేను వదిలేసిన పాత తీగలు మాత్రం టీవీని దాటవేసి, సౌండ్‌ను ముందే ఆమె తలాపుకు చేర్చాయి. లోకంలో ఎక్కడైనా సమ్మెట పడటం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. ఆమెకు నేను తలకిందుల లోకాన్ని బిగించి వెళ్లాను. అదేమిటో ఆమె మొదటిరోజే సరిగ్గా చెప్పింది కూడా. అంత తేటగా తప్పు చెప్పిన గిరాకీ నాకు ఇంకొకరు లేరు.

వెనక నుంచి పిలిస్తే ఆమె పలకదని అదివరకు ఎవరూ పట్టించుకోలేదు, టీవీ గొడవ తర్వాత అదే మతి లేనట్టు కనిపించింది. డాక్టరు ఏ తీరున అడిగాడో మల్లేశ్‌ను తర్వాత అడిగాను. మాస్కు పెట్టుకుని అడిగాడట.

పది నిమిషాల పని

పాత తీగలు పీకేశాను. స్పీకరును టీవీ హెడ్‌ఫోన్ సాకెట్‌కు కలిపాను. నున్నగా చేసే ఏర్పాటును ఆపేశాను. ఇంకేమీ లేదు. యాదమ్మను టీవీ వైపు తిప్పి కూర్చోబెట్టాను. ఇంకో వార్తల అమ్మాయి వచ్చింది.

యాదమ్మ ముందుకు వంగింది. "గిప్పుడు నోట్లకెల్లి వస్తుంది," అంది. నా వైపు తిరిగి, "నేను చెప్పలేదా నర్సింగూ?"

"చెప్పినవమ్మా. నేనే వినలేదు."

"మరి వానికి చెప్పు. నాకు పిచ్చి లేదని."

మల్లేశ్ డ్రిల్లు తెచ్చాడు. వాడి ముందర రుమాలు కప్పుకుని అడిగాను, తీసి అడిగాను. వాడు రెండు మాట్లు మళ్లీ చేయించాడు. తర్వాత నన్ను గడప దగ్గరికి పిలిచాడు. నేను గదికి వీపు పెట్టి నిలబడ్డాను. వాడు నాకు ఎదురుగా నిలబడి గొంతు బాగా తగ్గించాడు.

"నాకు సమజైందన్నా. గోలీలు ఆపిస్త. కానీ బర్లు యాడికెల్లి తేవాలె? గోదామోళ్లకు మాటిచ్చిన. అమ్మ మతి మంచిగనే ఉందని నలుగురికి తెలిస్తే నేను చేసిందేమైతది? తల్లి బతికుండంగ దోచుకున్నడంటరు. నువ్వు ఈ సంగతి ఎవ్వరికి చెప్పకు. అమ్మకు గూడ, టీవీ ఖరాబైంది, అందుకే తీస్తున్ననని చెప్పు."

"తప్పు నాది మల్లేశూ. నీకు తెల్వకపోయె. ఆమెకు ఆ మాట చెప్తే ఏమైతది?"

"రేపటికెల్లి నా దిక్కు చూడది. గంతే అన్నా. ముందటి గదిలనే పెట్టు టీవీ, ఇండ్ల ఎవ్వరు చూసినా చూస్తరు."

వాడు చెడ్డవాడని నేను రాయను. భయపడ్డాడు. నేను నా తప్పు ఒప్పుకున్నా ఒక్క బర్రె కూడా వెనక్కి రాదు. వాడు ఒప్పుకుంటే వాడికి ఇంట్లో ముఖం చెల్లదు. ఇద్దరం గుసగుసగానే మాట్లాడుకున్నాం, మంచం మీది మనిషికి వినపడకూడదని.

వెనక్కి తిరిగి చూశాను. యాదమ్మ టీవీ చూడటం లేదు. గడప వైపు చూస్తోంది. కొడుకు ముఖం మొదటి నుంచీ ఆమెకు ఎదురుగానే ఉంది.

నేను దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏం చెప్పకు," అంది. "అందింది."

మల్లేశ్ గడప దగ్గర డ్రిల్లు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆమె వాడి వైపు ఇంకోసారి చూడలేదు.

"టీవీ తీస్కపో నర్సింగూ. వాడు పెట్టమన్నకాడనే పెట్టు."

"నీకు వార్తలమ్మా?"

"ఎవరి బర్లకు?"

మళ్లీ గోడవైపు తిరిగి కూర్చుంది. నలభై రెండేళ్లలో చెడిపోయిన టీవీలు ఎన్నో ఇళ్ల నుంచి మోసుకుపోయాను. బాగైన టీవీని, అది చూడవలసిన మనిషి ముందు నుంచి దించడం అదొక్కటే. రిమోట్ నొక్కాను. వార్తల అమ్మాయి సగం మాటలో ఆరిపోయింది. నాలుగు స్క్రూలు విప్పాను. మల్లేశ్ వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు.